కొట్టినవారు, దెబ్బ తిన్నవారు, సాక్షి

పబ్బిశెట్టి నరహరికి జర్మన్ భాష వచ్చునని బెజవాడ గవర్నరుపేటలో అందరికీ తెలుసు. ఎంతవరకు వచ్చునో ఆయన ఒక్కడికే తెలుసు. ముప్పై నాలుగేళ్లుగా ఆయన జర్మనీ నుంచి దిగే పాత అచ్చుయంత్రాలను విప్పి, బాగుచేసి, అమ్మి బతుకుతున్నాడు. యంత్రంతోపాటు వచ్చే పుస్తకం చదవకపోతే ఏ మర ఎటు తిప్పాలో తెలియదు. అది తెలియకపోతే అంత యంత్రమూ పాత ఇనుము కింద తూకానికి పోతుంది. అందుకని నిఘంటువు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాడు. జర్మన్‌లో శుభలేఖ రాయమంటే రాయలేడు గాని, శుభలేఖలు అచ్చువేసే యంత్రం మధ్యలో ఆగిపోతే ఎందుకు ఆగిందో చదివి చెప్పగలడు.

మనుషుల్ని కూడా ఆయన ఆ కొలతతోనే కొలిచేవాడు. ఆయన లెక్కలో మనుషులు రెండు రకాలు. అరిగిపోయినా తిరుగుతూ ఉండేవాళ్లు ఒక రకం. పైన రంగు చెదరకుండా, లోపల బిగుసుకుపోయి ఉండేవాళ్లు రెండో రకం. మొదటి రకానికి నూనె పొయ్యాలి, రెండో రకానికి దూరంగా ఉండాలి. ఈ లెక్క ఆయనకు అరవై ఏళ్లదాకా తప్పలేదు. అరవై ఒకటో ఏట ప్రభుత్వం ఆయన్ని పిలిచింది.

ఆ ఏడాది రాష్ట్రంలో ఒక ఉత్సాహం పుట్టింది. పెద్ద పదవిలో ఉన్న ఒకాయన జర్మనీ పర్యటనకు వెళ్లి, అక్కడి గ్రంథాలయంలో అద్దాల పెట్టెలో పెట్టిన ఆరు వందల ఏళ్లనాటి చేతిరాత పుస్తకం చూశాడు. పుట పుటకూ ఇద్దరు మనుషులు పొడుగు కత్తులతో తలపడుతున్న బొమ్మలు. అందులో ఒక బొమ్మ తన తాతగారు కర్రసాము చేసేటప్పుడు నిలబడే తీరులోనే ఉందని ఆయనకు తోచింది. తిరిగొచ్చి విమానాశ్రయంలోనే ప్రకటించాడు: ఈ విద్య మన దగ్గర నుంచే వెళ్లింది, దాన్ని మనం వెనక్కి తెచ్చుకోవాలి. ఎవరు పట్టుకెళ్లారు, ఏ పడవ మీద పట్టుకెళ్లారు అని ఎవరూ అడగలేదు. అప్పటికి ఆయన మెడలో దండలు ఇంకా తియ్యలేదు.

మూడు నెలల్లో 'విదేశీ యుద్ధగ్రంథ పునరాహరణ పీఠం' వెలిసింది. దానికి ఏలూరు కాలువ పక్కన మూతపడిన చేపల పెంపకం శిక్షణ కేంద్రం కేటాయించారు. భవనాన్ని ఉన్నది ఉన్నట్టుగా బదిలీ చేశారు కనుక కుర్చీలు, వలలు, వల కర్రలు, వాటితోపాటు ప్రత్యేకాధికారి ఆదిశేషయ్య కూడా చేపల శాఖ నుంచి యుద్ధగ్రంథాలకు వచ్చేశారు. ఆదిశేషయ్య ఏ మాటకైనా 'విషయం పరిశీలనలో ఉంది' అనేవాడు. అది అబద్ధం కాదు. ఆయన బల్ల మీద ఎన్ని ఫైళ్లున్నాయో అన్నీ ఏళ్ల తరబడి పరిశీలనలోనే ఉన్నాయి.

అనువాదానికి విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు పండితులు వచ్చి చూసి, ఇది పాత జర్మన్, దీని లిపి వేరు, పలుకుబడి వేరు, అయిదేళ్లు పడుతుందని చెప్పి వెళ్లిపోయారు. నరహరి మాత్రం గ్రంథాలయంవాళ్లు పంపిన ఛాయాచిత్రాలను ఒక పూటంతా తిరగేసి, చూద్దాం అన్నాడు. ఆదాయం కోసం కాదు. ఈ వయసులో ఇప్పటిదాకా ఎవరూ విప్పని యంత్రం ఒకటి విప్పి చూడాలనిపించింది.

విప్పడం మొదలుపెట్టాక తెలిసింది, దానికి మరలు కనబడవని. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. రెండు మూడు అక్షరాలు ఒకే పోలికలో ఉన్నాయి. అప్పట్లో పుటలు తోలువి; రాసినవాడు ఆ తోలు మిగుల్చుకోవడానికి సగం మాట రాసి పైన చిన్న గీత గీసేవాడు. ఆ గీత ఉంటే అక్కడ ఏదో మింగేశాడని అర్థం. నరహరి తన పద్ధతిలో పోయాడు. యంత్రం మీద రేకులో ఒక అంకె చెరిగిపోతే, అదే యంత్రం మీద ఇంకో రేకులో అదే అంకె ఎక్కడుందో వెతకడం ఆయనకు అలవాటు. అచ్చు చుక్కలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం ఎన్ని చోట్ల ఎన్ని రకాలుగా ఉందో పట్టీ వెయ్యమని టైపిస్టుకు చెప్పాడు.

ఆ టైపిస్టు పేరు సుగుణరత్నం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. మొదట చేపల కేంద్రంలో ఏ చెరువులో ఎన్ని పిల్లలు వదిలారో టైపు చేసింది, ఇప్పుడు ఏ పుటలో ఎన్ని కత్తులున్నాయో టైపు చేస్తోంది. ఆమె వేసిన పట్టీలో నరహరికి దిద్దడానికి ఒక్క తప్పూ దొరకలేదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ చేతిరాత ఆయనకంటే ఆమెకే బాగా లొంగింది. "వీడు పుట చివరికొచ్చేసరికి అలిసిపోతాడు శెట్టిగారూ, అందుకే కింద వరసల్లో కొమ్ములు వంకర పోతాయి" అని చెప్పేది, పక్క బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా గురించి చెప్పినట్టు. అప్పటినుంచి అక్షరం ఆమెది, అర్థం ఆయనది. తాను లేకపోతే ఈ పని కుంటుతుంది, ఆమె లేకపోతే ఆగిపోతుంది అని ఆయన మనసులో ఖరారు చేసుకున్నాడు.

ఆమె ఉద్యోగాన్ని ఖాయం చెయ్యడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చి అప్పటికి ఆరు నెలలైంది. పీఠం అధికారి ఒక ఉత్తర్వు మీద సంతకం పెడితే చాలు. ఆ కాగితం ఆదిశేషయ్య బల్ల మీద, 'చర్చించండి' అని రాసి ఉన్న ఫైలులో పడి ఉంది. ఎవరితో చర్చించాలో రాయలేదు. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటికి తాత్కాలిక ఉద్యోగాలన్నీ రద్దవుతాయి. ఆలోపు సంతకం పడకపోతే ఆమె పదకొండేళ్ల చాకిరీ సున్నా. నరహరి వెళ్లి అడిగాడు. తగిన సమయంలో సానుకూలంగా పరిశీలించబడునని ఆదిశేషయ్య చెప్పాడు. నరహరికి ఆ పలుకు వింటే, బయట రంగు మెరుస్తూ లోపల బేరింగు పట్టేసిన యంత్రం గుర్తొచ్చింది.

మొదటి పది పేరాల అనువాదం అందజేసిన రోజున అసలు కథ మొదలైంది.

పీఠంలో సూపరింటెండెంటు వడ్డాది భీమేశ్వరరావు అనే నిబంధనల మనిషి ఉన్నాడు. ఆయన కాగితాలు తిరగేసి ఒక నోట్ రాశాడు: "సరఫరా అయిన ఏ వస్తువైనను పరీక్షించిన పిమ్మటనే స్వీకరింపవలెను. ఖడ్గప్రహారమునకు సంబంధించిన వాక్యము ఖడ్గప్రహారముచేతనే నిర్ధారితము కావలెను గాని, కేవల పఠనముచేత నిర్ధారితమైనదని భావించుటకు నిబంధనావళిలో అవకాశము కానరాదు."

అంటే, పుస్తకంలో ఎలా కొట్టాలని ఉందో అలా ఎవరో ఒకరిని కొట్టి చూడాలి. దెబ్బ తగిలితే అనువాదం సరైనది. తగలకపోతే సరుకు వాపసు. దానికి మూడు ప్రతుల్లో ఒక పత్రం అచ్చువేయించారు. అందులో మూడు గళ్లు: కొట్టినవారు, దెబ్బ తిన్నవారు, సాక్షి.

కత్తుల కోసం వెతకనక్కర్లేకపోయింది. చేపల శాఖవాళ్లు వదిలిపోయిన వల కర్రలు నలభై ఉన్నాయి. దెబ్బ తినేవారి కోసం కూడా వెతకనక్కర్లేకపోయింది. పోలినాయుడనే అటెండరు ఉన్నాడు. సిక్కోలు నుంచి వచ్చి పాతికేళ్లయినా ఆ యాస వదలనివాడు.

మొదటి పేరా 'కోపపు దెబ్బ'. కుడి భుజం మీది నుంచి ఏటవాలుగా, మనసులో ఉన్నదంతా చేతిలోకి తెచ్చుకుని కొట్టాలని ఉంది. ఆదిశేషయ్య పదవికి తగినట్టు తానే కర్ర పట్టుకున్నాడు. జీవితంలో ఎన్నడూ ఏ పనీ త్వరగా చెయ్యని ఆ మనిషి ఈ పని ఒక్క క్షణంలో చేసేశాడు. పోలినాయుడు భుజం తడుముకుంటూ కూర్చుని, తన గడిలో ఏం రాయాలని అడిగాడు. సరుకు ముట్టినప్పుడు ఏం రాస్తావో అదే రాయమన్నాడు భీమేశ్వరరావు. పోలినాయుడు రాశాడు: దెబ్బ అందినది. సరుకు బాగున్నది.

నరహరి సాక్షి గడిలో సంతకం పెట్టబోతే భీమేశ్వరరావు చెయ్యి పట్టుకుని ఆపాడు. సరఫరాదారు తన సరుకును తానే పరీక్షించరాదట. సాక్షిగా సుగుణరత్నం పెట్టింది. తాత్కాలిక ఉద్యోగి సాక్ష్యం చెల్లుతుందా అని ఆమే మెల్లగా అడిగింది. అది పరిశీలనలో ఉందన్నాడు ఆదిశేషయ్య.

పని సాగింది. ఆ గ్రంథంలో పోరాటం మొదలయ్యే నిలువులు, అంటే కత్తి పట్టుకుని నిలబడే తీరులు, నాలుగు: ఇంటికప్పు, ఎద్దు, నాగలి, పిచ్చివాడు. ఎద్దు, నాగలి అనేసరికి ఆ రెండు పుటలనూ అభిప్రాయం కోసం వ్యవసాయ శాఖకు పంపారు. తమకు అభ్యంతరం లేదని, అయితే ఎద్దుకు టీకా వేయించాలని నాలుగు నెలల తర్వాత జవాబు వచ్చింది. పిచ్చివాడి నిలువు దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. అందులో కత్తి మొనను నేలకు దించి, ఏమీ తెలియనివాడిలా నిలబడాలి. ప్రత్యేకాధికారి హోదాలో ఉన్న వ్యక్తి ఆ విధంగా నిలబడుట ప్రభుత్వ ప్రతిష్ఠకు భంగకరమని నోట్ తయారైంది. పోలినాయుడి పేరు రాశారు. అప్పుడు నరహరి కింది వివరణ చదివి వినిపించాడు. పిచ్చివాడిలా నిలబడ్డవాణ్ణి చూసి ఎదుటివాడు మోసపోయి మీదికొస్తాడు, గెలుపు పిచ్చివాడిదే అని అందులో ఉంది. గెలుపు ఎవరిదో తెలిశాక ఆదిశేషయ్య పాత నోట్ కొట్టేసి, ఆ స్థానానికి తానే అన్నివిధాలా అర్హుడనని స్వహస్తాలతో రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ ఫైలులో ఉంది.

అసలు ఇబ్బంది రెండో భాగంలో వచ్చింది. ఆ పుస్తకం రాసిన గురువులు తెలివైనవాళ్లు. ప్రతి దెబ్బకూ విరుగుడు చెప్పారు. అతను ఇలా కొడితే నువ్వు ఇలా తప్పుకుని, అతని నెత్తి మీద ఇలా వెయ్యి అని. అంటే, మొదటి పేరాలో ఆదిశేషయ్య కొడితే, రెండో పేరాలో ఆదిశేషయ్య తినాలి. కింది ఉద్యోగి పై ఉద్యోగిని కొట్టరాదు. నిబంధన స్పష్టంగా ఉంది. విరుగుళ్లన్నిటినీ పక్కన పెడదామన్నాడు ఆదిశేషయ్య.

నరహరికి ఒళ్లు మండింది. తాళం అమ్మి తాళంచెవి దాచుకునే వ్యాపారం తాను ఎన్నడూ చెయ్యలేదని చెప్పాడు. విరుగుడు లేని పుస్తకం సగం పుస్తకం. సగం పుస్తకం పూర్తయినట్టు లెక్కకు రాదు. పూర్తి కాకపోతే మార్చి ముప్పై ఒకటికి పీఠమే ఎత్తేస్తారు. ఆ చివరి మాట ఆదిశేషయ్యకు వెంటనే అర్థమైంది.

దారి భీమేశ్వరరావు చూపించాడు. అధికారి సెలవు మీద వెళ్లేటప్పుడు ఇంకొకరికి చార్జి అప్పగించడం ఉన్నదే కదా. విరుగుడు పేరా వచ్చినప్పుడల్లా అయిదు నిమిషాలపాటు ప్రత్యేకాధికారి చార్జి పోలినాయుడికి అప్పగించాలి. అటెండరు చార్జి ఆదిశేషయ్య తీసుకోవాలి. అప్పుడు కొట్టేది అధికారి, తినేది అటెండరు. నిబంధనకు లోటు లేదు. చార్జి పత్రం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. తాళంచెవులు, రబ్బరు ముద్ర చేతులు మారాయి. పోలినాయుడు ముద్ర జేబులో పెట్టుకుని, కర్ర పైకెత్తి, పాతికేళ్ల సర్వీసునంతటినీ ఆ దెబ్బలో పెట్టాడు. ఆదిశేషయ్య తన గడిలో 'అందినది' అని మాత్రం రాశాడు.

దెబ్బకు ఒక నిమిషం పట్టింది. మిగిలిన నాలుగు నిమిషాలు పోలినాయుడు పరిపాలన చేశాడు. రెండేళ్లుగా కదలని తన యూనిఫారం బట్ట ఫైలు తీసి మంజూరు చేశాడు. పనిలో పని, పది రోజుల సెలవు కూడా ఇచ్చుకున్నాడు. చార్జి తిరిగి తీసుకున్నాక ఆదిశేషయ్య ఆ ఉత్తర్వులు రద్దు చెయ్యబోతే భీమేశ్వరరావు వినయంగా అడ్డుపడ్డాడు.

"తమరు రద్దుచేసిన పక్షంలో ఆ అయిదు నిమిషాలు పోలినాయుడు అధికారి కాడని అర్థం వస్తుందండి. అధికారి కాని అటెండరు తమర్ని తలమీద కొట్టాడని వస్తుంది. దానిమీద విచారణ జరగాలి. విచారణాధికారి ముందు తమరు దెబ్బ చూపించాల్సి వస్తుంది."

ఆదిశేషయ్య తల తడుముకుని ఫైలు మూశాడు. అప్పటినుంచి చార్జి ఇచ్చే ముందు గదిలోని బల్లలకూ బీరువాలకూ తాళాలు వేసి, చెవులు ఇంటికి పంపించేసేవాడు. ఇంట్లో అవి ఆయన భార్య త్రిపురాంబ బొడ్లో ఉండేవి. ఇదంతా నరహరి భూతద్దం తుడుచుకుంటూ చూశాడు. ఏ మర తిప్పితే ఏ చక్రం కదులుతుందో ఆయనకు ఆ రోజు తెలిసింది. ఎప్పుడు తిప్పాలన్నదే మిగిలింది.

మార్చి నెలకు ఒకే ఒక్క పుట మిగిలింది. ఆ పుట నరహరి అర్థం చేసుకుని, మళ్లీ చదివి, నిఘంటువు మార్చి చదివి, అప్పుడు గాని బయటికి చెప్పలేదు.

ఆ దేశంలో ఆ రోజుల్లో భార్యాభర్తల తగువు పెద్దలవల్ల తీరకపోతే న్యాయస్థానమే వాళ్లకు పోరాటం పెట్టించేదని అందులో ఉంది. భర్తను నడుములోతు గోతిలో నిలబెట్టి, ఎడమ చెయ్యి వీపుకు కట్టి, కుడిచేతికి దుడ్డుకర్ర ఇవ్వాలి. భార్య పైన ఉంటుంది. ఆమె చేతిలో పొడుగాటి గుడ్డ, గుడ్డ కొసన ముడేసిన రాయి. గోతిలోని మనిషి బయటికి రాకూడదు. బొమ్మలో ఆ ఇల్లాలు రాయి గిరగిరా తిప్పుతోంది. భర్త మొహం గీసినవాడు అతని మీద జాలి చూపించలేదు.

నిర్ధారణకు వివాహితులైన దంపతులు కావలెనని, పెళ్లి పత్రం జతపరచవలెనని భీమేశ్వరరావు రాశాడు. ఆయన భార్య పోయి ఆరేళ్లు. పోలినాయుణ్ణి అడిగితే మొదటిసారిగా ఒప్పుకోనన్నాడు.

"బాబూ, నా వొంటిమీద ఇంకా ఎన్ని పేరాలైనా రాసుకోండి, నానేటీ అనను. మా ఆడదాని సేతికి మాత్రం రాయి ఇవ్వొద్దు. దానికి పుస్తకం అక్కర్లేదు."

నరహరి సరఫరాదారు కనుక పనికిరాడు. కాగితం మీదే జరిగినట్టు రాసేద్దామని ఆదిశేషయ్య సూచించాడు గాని, అంతకుముందు వారమే పై నుంచి ఉత్తరం వచ్చింది. చివరి పుట నిర్ధారణ ఛాయాచిత్రం పంపవలెను, గ్రంథం ముఖపత్రం మీద వేయవలెను అని. ఇక మిగిలిన దంపతులు ఒక్కరే. తన భార్య నెమ్మదస్తురాలని, ముప్పై ఏళ్లలో తనకు ఎదురు చెప్పలేదని ఆదిశేషయ్య ధైర్యం చెప్పుకున్నాడు.

గోతికి అంచనాలు తయారయ్యాయి. నడుములోతు అంటే ఎవరి నడుము అని ఇంజనీరు అడిగితే, ఆదిశేషయ్య నడుము టేపుతో కొలిచి ఫైలుకు జతపరిచారు. రాయికి మూడు చోట్ల నుంచి కొటేషన్లు తెప్పించారు. కాలువ గట్టున రాళ్లు ఊరికే పడి ఉన్నా, వాటికి కొటేషన్ ఇచ్చేవాళ్లు లేరు. చార్జి సంగతి కూడా తేల్చారు. ప్రభుత్వ ఆవరణలో ప్రత్యేకాధికారిని కొట్టాలంటే ఆ హోదా ఉండాలి కనుక, త్రిపురాంబను ఒక పూటకు గౌరవ సహాయకురాలిగా నియమించి, నిర్ధారణ పత్రం పూర్తయ్యేవరకు చార్జి ఆమెకు అప్పగించాలని ఉత్తర్వు రాశారు. 'పూర్తయ్యేవరకు' అన్న మాట వెయ్యమని నరహరే సలహా ఇచ్చాడు. భీమేశ్వరరావుకు ఆ మాటలో గాంభీర్యం నచ్చింది.

ఈసారి ఆదిశేషయ్య బీరువాలకు తాళాలు వేసినా లాభం లేదు. చెవులు ఉండేదే ఆమె బొడ్లో.

మార్చి ముప్పై ఒకటి, మధ్యాహ్నం నాలుగైంది. కాలువ వైపు ఆవరణలో గొయ్యి, గోతిలో ఆదిశేషయ్య, ఆయన చేతిలో చేపల శాఖ దుడ్డుకర్ర. గట్టున త్రిపురాంబ, కొంగు బిగించి, గుడ్డ కొసన రాయి పట్టుకుని నిలబడింది. ఆమె చార్జి పత్రం మీద సంతకం పెట్టి, ముద్ర తీసుకుని, మొదటి వరసలు చదవమంది. నరహరి చదివాడు. ఆమె రాయి ఒకసారి తిప్పి వదిలింది. అది ఆదిశేషయ్య చెవి పక్కనుంచి పోయి మళ్లీ ఆమె చేతికొచ్చింది. ఫొటోగ్రాఫరు బాగుందన్నాడు. రెండోసారి భుజానికి రాసుకుంటూ పోయింది.

అప్పుడామె అడిగింది: "ఎప్పుడు ఆపాలండీ?"

"అది కింది రెండు వరసల్లో ఉండాలమ్మా," అన్నాడు నరహరి. "తోలుకు తడి తగిలి చెరిగిపోయినాయి. నాకు అందట్లేదు. అందితే ఈ సుగుణరత్నానికే అందాలి."

"అయితే చదవమనండి."

"చదువుతుంది. అయిదింటిదాకానే. ఆ తరవాత ఈ అమ్మాయి ఈ ఆఫీసు మనిషి కాదు. ఈమెను ఖాయం చేసే ఉత్తర్వు పద్నాలుగు నెలలనుంచీ అయ్యగారి బల్ల మీద ఉంది."

త్రిపురాంబ సుగుణరత్నం వైపు చూసింది. సుగుణరత్నం ఛాయాచిత్రం గుండెకు అదుముకుని నేల చూస్తోంది. గోతిలోనుంచి ఆదిశేషయ్య గొంతు సవరించుకున్నాడు.

"త్రిపురా, ఆ విషయం పరిశీలనలో ఉంది."

"మన వంటింటి కుళాయి కూడా మూడేళ్లుగా పరిశీలనలోనే ఉందిగా," అంది ఆమె. "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావమ్మా?"

"పదకొండేళ్లండి," అంది సుగుణరత్నం.

"అయ్యో, అన్నేళ్లే." ఆమె బొడ్లోనుంచి చెవుల గుత్తి తీసి పోలినాయుడికి విసిరింది. "ఆ కాగితం తీసుకురా నాయుడూ."

పోలినాయుడు పాతికేళ్లలో అంత వేగంగా నడవలేదు. ఆదిశేషయ్య గొయ్యి అంచు మీద చెయ్యి వేసి ఎక్కబోయాడు. గోతిలోని మనిషి బయటికి రాకూడదని గ్రంథంలో ఉందని, వస్తే నిర్ధారణ మొదటినుంచీ జరపాలని భీమేశ్వరరావు గుర్తుచేశాడు. మొదటినుంచీ అనగానే ఆదిశేషయ్య రాయి వైపు చూసి చెయ్యి తీసేశాడు.

"సూపరింటెండెంటుగారూ, అది చెల్లదని చెప్పవయ్యా ఆవిడకి," అన్నాడు ఆయన.

భీమేశ్వరరావు ఉత్తర్వు తీసి రెండుసార్లు చదువుకున్నాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఆయన నిబంధనకు ద్రోహం చెయ్యలేదు. "చార్జి నిర్ధారణ పూర్తయ్యేవరకు అమ్మగారిదేనండి. ప్రస్తుతం తమరు అభిప్రాయం చెప్పే హోదాలో లేరు."

కాలువ గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయి. త్రిపురాంబ గొయ్యి పక్కన కుర్చీ వేయించుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని, ఎగరకుండా దాని మీద గుడ్డలో ముడేసిన రాయి పెట్టింది. మూడు కొటేషన్లతో కొన్న ఆ రాయి ప్రభుత్వానికి పనికొచ్చింది అప్పుడే.

"ఎక్కడ పెట్టాలి?"

భీమేశ్వరరావు వేలితో చూపించాడు. ఆమె సంతకం పెట్టి, ముద్ర వేసి, వేళ కూడా రాసింది. నాలుగూ నలభై ఒకటి. సుగుణరత్నం కాగితం అందుకుని, మడతపెట్టి ఛాయాచిత్రం వెనక దాచుకుంది. త్రిపురాంబ మాత్రం కలం మూత పెట్టలేదు. బల్ల మీద ఇంకేమున్నాయని అడిగింది. పోలినాయుడు రెండు విడతల్లో మోసుకొచ్చాడు. ఎవరిదో పింఛను, కాపలావాడి బదిలీ, మరుగుదొడ్డి మరమ్మతు. ఒక్కొక్కటి చదివించుకుంటూ పదిహేడు ఫైళ్లు తేల్చింది. ఆదిశేషయ్య గోతిలోనుంచి మోచెయ్యి గట్టుకు ఆనించి, తాను ఏళ్ల తరబడి కాపాడుకొచ్చిన ఫైళ్లు ఒక్కొక్కటే దాటిపోవడం చూశాడు.

ఈలోగా సుగుణరత్నం నరహరి భూతద్దం తీసుకుని మెట్ల మీద కూర్చుంది. చెరిగిన వరసల్లో మొదటిది అందుకుంది. భార్య చేతి గుడ్డ భర్త కర్రకు చుట్టుకుని, కర్ర ఆమె చేతికి వస్తే అంతటితో పోరాటం ముగిసినట్టేనని ఉంది. త్రిపురాంబ మళ్లీ లేచి గుడ్డ విసిరింది. ఆదిశేషయ్య ఆ గుడ్డను తానే మూడు చుట్లు చుట్టుకుని కర్ర ఇచ్చేశాడు. అయిదూ నలభైకి పత్రం పూర్తయింది. ఆయన దెబ్బ తిన్నవారి గడిలో సంతకం పెట్టి చార్జి తీసుకున్నాడు.

మర్నాడు ఆ ఉత్తర్వులు రద్దుచెయ్యడం గురించి భీమేశ్వరరావును అడిగాడు. రద్దు చేస్తే, ఆ పూట అధికారిణి కాని ఒక స్త్రీ ప్రభుత్వ ఆవరణలోకి వచ్చి అధికారి మీద రాయి విసిరినట్టు అవుతుందని, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలని, ఫిర్యాదుదారు సంతకం తమరే చెయ్యాలని ఆయన చెప్పాడు. ఆదిశేషయ్య సాయంత్రం ఇంటికి పోవాల్సిన మనిషి. ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ మూడు నెలల్లో అత్యధిక ఫైళ్లు పరిష్కరించిన కార్యాలయంగా పీఠానికి ప్రశంసాపత్రం వచ్చింది. గొయ్యి పూడ్చడానికి వేరే అంచనా కావాలి కనుక పూడ్చలేదు. చుట్టూ కంచె వేసి, స్టాకు రిజిస్టరులో 'జర్మన్ గొయ్యి, ఒకటి' అని ఎక్కించారు.

చివరి వరస నెలరోజులకు గాని తేలలేదు. సుగుణరత్నం ఒక్కొక్క గీతనూ పాత పట్టీలతో పోల్చి, కొమ్ములు వంకర పోవడం చూసి, వాడప్పటికి బాగా అలిసిపోయాడని చెప్పి, ఒక ఉదయం కాగితం తెచ్చి నరహరి ముందు పెట్టింది. అందులో కత్తి లేదు, కర్ర లేదు. పుస్తకం రాసిన గుమాస్తా తన మాట రాసుకున్నాడు: రాయడం అయింది. చెయ్యి పీకుతోంది. రాయించినవారు రాసినవాడికి తమ చేత్తో ఒక గిన్నెడు తాగడానికి పొయ్యాలి.

నరహరి ఆ రోజు దుకాణం తెరవడం ఆలస్యమైనా లెక్కచెయ్యకుండా దాన్ని తెలుగు చేశాడు. భీమేశ్వరరావు ఆ వాక్యం చూసి, ఇది కూడా గ్రంథంలోని పేరాయే కనుక నిర్ధారణ తప్పదన్నాడు. ప్రభుత్వ ఆవరణలో మద్యం నిషిద్ధం కనుక టీ వాడవచ్చునన్నాడు. పత్రంలో 'కొట్టినవారు' కొట్టేసి పోసినవారు అని, 'దెబ్బ తిన్నవారు' కొట్టేసి తాగినవారు అని ఎర్ర సిరాతో దిద్దాడు. రాయించినది పీఠం కనుక పొయ్యవలసినది ప్రత్యేకాధికారి. ఆదిశేషయ్య ఫ్లాస్కు వంచి, గ్లాసులోకి టీ పోసి, ఒలికిన చుక్క తానే తుడిచి, సుగుణరత్నం బల్ల మీద పెట్టాడు. సాక్షి గడిలో పోలినాయుడు తన పేరు రాసుకున్నాడు.

సుగుణరత్నం గ్లాసు ఖాళీ చేసి, కలం తీసి, తన గడిలో రాసింది: అందినది. పంచదార తక్కువ.